తూర్పు మండపంలో రియాసత్ చాచా

రియాసత్ చాచాకు లోకంలో ఏదైనా జతగా ఉండాల్సిందే. కుడి బుగ్గన పేఠా మిఠాయి ముక్క పడితే ఎడమ బుగ్గన ఇంకోటి పడాలి. ఎవరైనా ఒక భుజం తట్టి పలకరిస్తే రెండో భుజం కూడా ముందుకు పెట్టి, అదీ తట్టేదాకా కదిలేవాడు కాదు.

ఈ జబ్బు ఆయనకు తోట నుంచి అంటుకుందని ఆగ్రాలో యమున అవతలి ఒడ్డున అందరూ అనుకునేవారు. ఎన్నడో ఏ శాహజాదీయో వేయించిన తోట. నాలుగు సమానమైన మడులు, వాటిని విడదీస్తూ రెండు కాలువలు, నీళ్లు చేప పొలుసుల్లా మెరుస్తూ జారడానికి చెక్కిన ఏటవాలు రాతిపలక, దాని వెనక దీపాల గూళ్లు. ఇప్పుడు కాలువల్లో గడ్డి, గూళ్లలో పావురాలు. నదివైపు రెండు బురుజుల్లో ఒకటి వరదకు కూలితే, చాచా మిగిలినదాని వంక వారం రోజులు కోపంగా చూశాడట. ఉంటే రెండూ ఉండాలి, పోతే రెండూ పోవాలి అని ఆయన వాదం.

ఒకసారి కొత్త దంపతులు తోట చూడటానికొస్తే, చెరో మడిలో నిలబెట్టాడు. వాళ్లు కాలువకు అటూ ఇటూ నిలబడి ముద్దుమాటలు అరుచుకోవాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి అవి తగువు మాటలయ్యాయి.

పడమటి మండపం మాత్రం ఇంకా నిలిచే ఉంది. అందులో హుస్నారా ఖాలా రోజూ దర్గాకు గులాబీ దండలు గుచ్చేది. దానికెదురుగా, రెండు వందల అడుగుల అవతల, ఒట్టి మట్టిదిబ్బ. ఒకప్పుడు రాళ్లు చెక్కి బతికిన చాచా, మధ్యాహ్నం జొహర్ నమాజు కాగానే ఆ దిబ్బమీద నిటారుగా కూర్చునేవాడు. ఏం చేస్తున్నావని అడిగితే, తూర్పు మండపంగా ఉన్నానని జవాబు. ఖాలా దండలు సర్దుకుని లేచాకే మండపం కూడా లేచి ఇంటికి పోయేది.

ఆ చలికాలం తోట కొలతలు తీసి పటం గీయడానికి నిఘత్ అనే అమ్మాయి వచ్చింది. నది మీంచి మంచు లేచి గోడల కోతలన్నీ పూడ్చేసేది. ఆ తెలుపులో కొలతాడు పట్టుకుని నడుస్తుంటే, ఎండిన కాలువ పక్కన తనకు తెలియకుండానే కుచ్చిళ్లు పైకెత్తుకునేది, తడుస్తాయేమోనని. అది చూసి చాచా మురిసిపోయాడు.

పైవాళ్లు ఆమెకు ఇంకో పని కూడా చెప్పారు. దిబ్బ కింద పునాది ఉంటే సరే, లేకపోతే చదును చేసి బస్సులు నిలుపుతారట. మూడు రోజులు తవ్వించింది. నది ఇసుక తప్ప ఒక్క ఇటుక ముక్క తగల్లేదు. కళ్లనీళ్లతో చాచా దగ్గరికి వెళ్లింది.

"ఏడవకు బేటీ," అన్నాడు చాచా. "అక్కడ ఏమీ లేదని నాకు ముప్పై ఏళ్ల కిందటే తెలుసు. మొదటిరోజే గునపం దింపి చూశాను. తోట కట్టినవాళ్లు ఈ మండపం మొదలెట్టకుండానే పోయారు."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు కూర్చున్నారు?"

చాచా పడమటి వైపు చూశాడు. "మొగుడు జహీర్ పోయాక హుస్నారా అక్కడొచ్చి కూర్చునేది. పక్కకు ఎవరైనా వెళ్తే లేచి వెళ్లిపోయేది. జాలిపడితే ఆమెకు పడదు. ఎదురుగా ఒక పిచ్చివాడు కూర్చుంటే మాత్రం ఏమంటుంది?"

నిఘత్ పడమటి మండపానికి నడిచింది. దిబ్బ పోతుందని ఖాలాకు మెల్లిగా చెప్పింది. ఖాలా దారం పంటితో తెంపింది.

"అక్కడేమీ లేదని నాకు తెలీదా? ఆ దిబ్బమీద మా అత్త సొరపాదులు పెట్టేది. నేనే తవ్వేదాన్ని."

"మరి చాచాకు చెప్పలేదేం?"

"ఎట్లా చెప్పను? పెళ్లాం లేదు, పిల్లల్లేరు, ఉన్నది ఆ పిచ్చి ఒక్కటే. ఈ దండలు ఇంట్లో కూర్చుని గుచ్చుకోలేనా? నా మోకాళ్లు పోయి నాలుగేళ్లయింది. నేను రాకపోతే ఆయన ఎవరికెదురుగా కూర్చుంటాడు, చెప్పు."

ఆ సాయంత్రం నిఘత్ నివేదికలో అబద్ధం రాయలేదు. తూర్పు మండపం కట్టనేలేదు, దానికోసం వదిలిన ఖాళీ కూడా తోట కట్టడంలో భాగమే, కనుక ముట్టుకోరాదు అని రాసింది. పైవాళ్లు రెండుసార్లు చదివి, అర్థం కాక ఒప్పుకున్నారు.

కానీ గుంట పూడ్చేదాకా దిబ్బమీద కూర్చోవడానికి వీల్లేదు. చాచా దిక్కుతోచక నిలబడ్డాడు. నిఘత్ ఆయన చెయ్యి పట్టుకుని పడమటి మండపానికి తీసుకెళ్లింది. మూడు తోరణాలు, నడిమి దానికింద ఖాలా. ఆమె తలెత్తకుండానే పూలబుట్ట కాస్త పక్కకు జరిపింది.

చాచా కుడి తోరణం కింద కూర్చున్నాడు. కూర్చున్నాడే గాని కుదురు లేదు. ఎడమవైపు చూశాడు, కుడివైపు చూశాడు, గడ్డం గోక్కున్నాడు.

"మళ్లీ ఏమొచ్చింది?" అంది ఖాలా.

చాచా నిఘత్‌కేసి బతిమాలుతున్నట్టు చూశాడు. "బేటీ, ఆ ఎడమ తోరణం కింద నువ్వు కూర్చోవూ?"

పటాలూ కొలతాడూ కింద పెట్టి నిఘత్ కూర్చుంది. ఖాలా ఇద్దరికీ చెరో సూది ఇచ్చింది.