బొడ్డుతాడు రక్తానికి నేను కట్టిన పెట్టె

నా నిర్వాకాల్లోకెల్లా పెద్దది చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. మా ఆవిడ సరళ మాత్రం ఇప్పటికీ నవ్వదు.

అందరి జేబుల్లోకీ అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు వస్తున్న రోజులు. ఏలూరు నుంచి రోజూ కొల్లేరు ఒడ్డుకు వెళ్లి చేపల ప్యాకింగ్ షెడ్డు నడిపేవాణ్ణి. నేను ఐసులో పెట్టిన చేపని హౌరాలో చూసినవాడు అది ఇప్పుడే చెరువులోంచి వచ్చిందనుకోవాలి. ఆ విద్యలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. కొంప ముంచింది అదే.

సరళ స్కూల్లో సైన్సు టీచరు. తొలి కాన్పుకి తాడేపల్లిగూడెంలో పుట్టింటికి వెళ్లింది. బిడ్డ పుట్టాక బొడ్డుతాడులో మిగిలే రక్తాన్ని పారేయకుండా దాయవచ్చనీ, కొన్ని రక్తపు జబ్బులకి అది పనికొస్తుందనీ అక్కడి డాక్టరమ్మ చెప్పిందట. మన బిడ్డ పేరుతోనే దాచుకోవచ్చు, లేదా ఆ రక్తం సరిపోయినవాళ్లకి ఇమ్మని దానం చేయవచ్చు.

"దానం చేద్దామండీ. మన బిడ్డకి అవసరం పడటం బాగా అరుదటండీ. ఎక్కడో ఏ పిల్లాడో దీని కోసం ఎదురు చూస్తుంటాడు," అంది సరళ.

"మన బిడ్డది మన బిడ్డకే ఉండాలి," అన్నాను. దాచే కంపెనీ ఏజెంటు ఇచ్చిన రంగుల కాగితం మీద బోసినవ్వు పాపని చూసి అప్పటికే కరిగిపోయి ఉన్నాను మరి.

రోజూ ఫోన్లో ఇదే గొడవ. చివరికి సరళే విసిగిపోయింది. "సరే, దాచండి. కానీ పాడు చేశారో, మనకీ ఉండదు, ఆ పిల్లాడికీ ఉండదు."

"నాకా చెబుతున్నావు? సరుకు పాడవకుండా పంపడమే నా వృత్తి!"

మండు వేసవిలో పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. డాక్టరమ్మ రక్తం సంచిని కంపెనీ పెట్టెలో పెట్టి నా చేతికిస్తూ ఏవో జాగ్రత్తలు చెప్పింది. పాప ముక్కు నాదా, మామగారిదా అని తేల్చుకునే పనిలో ఉన్న నేను అన్నింటికీ తలాడించాను.

కొరియరు ఎంతకీ రాడు. ఫోన్ చేస్తే, "దెందులూరు దగ్గర లారీ అడ్డం పడిందండీ, కదల్లేకపోతున్నామండీ," అన్నాడు. ఎండ చూస్తే నిప్పులు చెరుగుతోంది. అనుమానమొచ్చి పెట్టె తెరిచాను. చెబితే నమ్మరు, లోపల ఒక్క ఐసు ముక్క లేదు!

"చూశారా అత్తయ్యగారూ, ఈ కంపెనీవాళ్ల తెలివి!"

"వాళ్లకి తెలియదంటారా అల్లుడుగారూ? ఓసారి సరళని అడిగితే..."

"పడుకోనివ్వండి. ఇది నా డిపార్టుమెంటు."

చేపల మార్కెట్‌కి పరుగెత్తి ఐసు దంచించి తెచ్చాను. కింద ఓ వరస, మధ్యలో సంచి, పైన ఓ వరస. చల్లదనం ఇంకా పట్టాలని ఉప్పు కూడా చల్లి, చుట్టూ టేపు బిగించాను. సాయంత్రానికి వచ్చిన కొరియరు పెట్టె ఎత్తి, "ఇంత బరువుందేంటండీ?" అన్నాడు.

"పని తెలిసినవాడు కట్టిన పెట్టె అలాగే ఉంటుంది," అన్నాను.

తర్వాత కంపెనీ నుంచి ఫోన్. "సార్, ఈ ఐసు ఎవరు వేశారండీ?"

మెచ్చుకుంటారనుకుని, "నేనేనండీ!" అన్నాను.

"రక్తం ఐసులా గడ్డ కట్టేసింది సార్. ఇక పనికిరాదు. ఐసు తగలకూడదని పెట్టె మీదే రాసుందండీ."

సరిగ్గా ఆ రాత మీదే నేను టేపు చుట్టాను. అయినా ఊరుకోలేదు. "మీరు కూడా గడ్డ కట్టించే దాస్తారుగా?"

"దానికి ముందు మందు కలిపి, నెమ్మదిగా చల్లబరచాలి సార్. ఇంకోటండీ... మూతకి చేప పొలుసు అంటుకుని ఉంది."

సరళతో చెప్పాను. తిట్టలేదు. పాపని ఒళ్లో సర్దుకుంటూ, "దానం చేసుంటే ఆ పిల్లాడికైనా దక్కేది కదండీ," అంది. తిట్టినా బాగుండేది. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

రెండో కాన్పుకి మారుమాట లేకుండా దానమే అన్నాను. రక్తం పెట్టెతో నర్సమ్మ బయటికి వచ్చింది. చేతులు ఊరుకోవు కదా, నేను లేచాను. ఏనాడూ నా ముందు గొంతు పెంచని మా అత్తయ్యగారు ఆసుపత్రంతా వినబడేలా అరిచారు: "కూర్చోండి అల్లుడుగారూ!"

కూర్చున్నాను. ఆ కుర్చీలోనే కొల్లేరు మీద ఒట్టు వేసుకున్నాను: చేపకి తప్ప ఈ జన్మలో దేనికీ ఐసు పెట్టను. నిమ్మరసం కూడా వెచ్చగానే తాగుతున్నాను.