పొద్దుటి చక్రం, సాయంత్రపు చక్రం

మా ఇంటి కంప్యూటర్‌కి ఒక జబ్బుండేది. ఆపి మళ్ళీ పెట్టిన ప్రతిసారీ తన తెర ఎంత వెడల్పో మరిచిపోయేది. కంప్యూటర్ పాతది, తెర కొత్తది, రెంటి ప్లగ్గులూ కలవక మధ్యలో ఒక అడాప్టర్ వైరు. ఆ వైరు గుండా చూస్తే తెర ఎలాంటిదో దానికి అంతుపట్టేది కాదు. అందుకని పాతకాలపు చిన్న కొలతేదో తీసుకుని, దాన్నే తెర నిండా సాగదీసి చూపించేది. అక్షరాలు లావెక్కేవి, బొమ్మలు అడ్డంగా బలిసేవి. నేను రెండు వరసల ఆదేశం టైపు చేస్తే బుద్ధిగా సర్దుకునేది. ఆపితే మళ్ళీ మామూలే. ఆ రెండు వరసలూ ఎక్కడో ఒకచోట రాసిపెడితే ఈ తద్దినం తప్పుతుందని నాకు తెలుసు. అర నిమిషం పని కదా, రేపు చూద్దాంలే అని నెలల తరబడి నెట్టుకొచ్చాను.

ఆ కంప్యూటర్ నాకంటే ఎక్కువ మా నాన్నది, మా బాపుది. బాపు బతుకుదెరువుకు వచ్చి ముప్పై ఏళ్ళకు పైగా ఇక్కడే సూరత్‌లో జకార్డు మగ్గాలు నడిపాడు. ఆ మోతకు రెండు చెవులూ పోయాయి. మగ్గాల షెడ్డులో పక్కవాడి అరుపు కూడా వినపడదు కాబట్టి కార్మికులు చేతులతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగిందనడానికి ఒక సైగ, బాబిన్‌లో దారం అయిపోయిందనడానికి ఒకటి, ఆపు అనడానికి ఒకటి. ఆ సైగలే మా ఇంటికీ వచ్చాయి. నేను అన్నం పెట్టమని చేత్తో అడగడం నేర్చుకున్నాకే నోటితో అడగడం నేర్చుకున్నానని అమ్మ వెక్కిరిస్తుంది. బాపు మాత్రం నోటితోనే మాట్లాడతాడు, వీధి చివరి దాకా వినపడేలా.

మగ్గం మానేశాక ఆయన ఊరికే కూర్చోలేకపోయాడు. పాత యజమాని సేఠు ఒకరోజు, ఇన్నేళ్ళు ఇతరులు గీసిన నక్షాలు నేశావు, నువ్వే ఒక చీర పల్లూ గీసి తీసుకురా, బాగుంటే మగ్గం ఎక్కిస్తాను అన్నాడట. ఆ మాట పట్టుకుని బాపు ఇంటికొచ్చిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చెప్పులు కూడా విప్పకుండా నా ముందు నిలబడి, ఎలుకను పట్టుకున్నట్టు వేళ్ళు వంచి చూపించాడు. మౌస్ నేర్పమని.

నేర్పాను. ఆయన కోరుకున్నది పల్లూ నడుమ ఒక పెద్ద చక్రం. ఎనిమిది రేకులు, ఒక్కో రేకులో మళ్ళీ చిన్న జాలీ అల్లిక. ఒక్కో గడికి ఒక్కో పోగు లెక్క, తెర మీద గళ్ళు నింపుకుంటూ పోవాలి. ఒక వంపు గీయడానికి మూడు రోజులు పట్టేది. ముప్పై ఏళ్ళు వేలాది చీరలు ఆయన చేతుల మీదుగా పోయాయి, వాటిలో ఒక్క పువ్వూ ఆయన అనుకున్నది కాదు. ఇది ఒక్కటి ఆయనది.

నా కొలువు ఊరికి దూరంగా హజీరాలో. తెల్లవారుతూనే అడాజన్ చౌరస్తాలో కంపెనీ బస్సు ఎక్కితే సాయంత్రానికి దిగుతాను. బాపు పొద్దున్నే కంప్యూటర్ పెట్టుకుని మధ్యాహ్నం దాకా గీసేవాడు. వేడెక్కుతుందని ఆపేసి పడుకునేవాడు. సాయంత్రం వచ్చి నేను మళ్ళీ పెట్టి, నా రెండు వరసలు కొట్టి, ఆయన పనిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేదాన్ని. అప్పుడాయన చాయ్ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడేవాడు. ఆ రెండు వరసల సంగతి ఆయనకు చెప్పాలని నాకెన్నడూ తోచలేదు.

ఒక సాయంత్రం చూస్తే చక్రం సన్నబడి నిలువుగా సాగి ఉంది. ఇదేంది బాపూ, గుడ్డు లెక్క అయింది అని చేత్తో చూపించాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. ఆయనకూ అలాగే కనిపించింది. కూర్చుని అడ్డంగా గళ్ళు పెంచి గుండ్రంగా చేశాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ గుడ్డు. మళ్ళీ పెంచాడు. నాకు విసుగొచ్చింది. కళ్ళు చూపించుకో అని సైగ చేశాను, కొంచెం కటువుగానే. మరునాడు వెళ్ళి చూపించుకున్నాడు. అద్దాలు మార్చారు, చుక్కల మందు ఇచ్చారు. చక్రం మాత్రం మళ్ళీ గుడ్డయింది.

ఒక శనివారం సాయంత్రం చాయ్ పక్కన పెట్టి, "సోమారం పొయ్యి సేఠుకు చెప్పొస్త బిడ్డా, నాతోని కాదని" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా వినడం నాకు అదే మొదటిసారి. "చెవులు పొయినయ్, సరే అనుకున్న. ఇప్పుడు కండ్లు గూడ పోతున్నయ్." నేను ధైర్యం చెప్పాలి. చెప్పలేదు. నిజమే అనుకున్నాను, అందుకే చెప్పలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆదివారం ఆయన కంప్యూటర్ ముట్టడు. మగ్గం రోజుల నుంచీ ఆదివారమంటే పని బంద్. ఆ ఆదివారం డుమస్ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్తానని అమ్మకు మాటిచ్చాను కూడా. లేచి చూసేసరికి బాపు తెర ముందు కూర్చుని ఉన్నాడు. ఆఖరుసారి చూసుకుందామనుకున్నాడేమో. తెర మీద చక్రం అడ్డంగా బలిసిపోయి, తొక్కిన లడ్డూలా ఉంది. ఆయన ఒక్కో నిలువు వరస గళ్ళు చెరుపుతూ దాన్ని గుండ్రంగా చేస్తున్నాడు.

నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"చూడు, పొద్దుగాల గిట్లనే లావుగ కనవడుతది," అన్నాడు నన్ను చూసి. "చెరుపుత. మాపటికి నువ్వొచ్చినంక సన్నగ కనవడుతది. మల్ల నింపుత. పొద్దటి కండ్లు ఒక తీరు, మాపటి కండ్లు ఒక తీరు అయినయ్."

మగ్గం మీద పువ్వు లావుగా పడితే తప్పు నక్షాది. గళ్ళు తీసేయాలి, అంతే. మధ్యలో నక్షాను చూపించే తెర ఒకటుంటుందనీ, అదే అబద్ధం చెప్పొచ్చనీ ఏ నేతగాడు అనుకుంటాడు? ఆయన చదివిన చదువు ప్రకారం ఆయన చేసింది సరైన పనే. పొద్దున ఆయన చెరపడం, సాయంత్రం నా మాట విని నింపడం. ఇన్ని రోజులూ ఒకే చక్రాన్ని ఆయన ఎన్నిసార్లు గీశాడో!

నేను నోరు తెరిచేలోపే అమ్మ వంటింట్లోంచి చేయి తుడుచుకుంటూ వచ్చింది. అమ్మ జీవితమంతా కండెలు చుట్టింది, కంప్యూటర్‌ను గుడ్డతో తుడవడం తప్ప ఏనాడూ తాకలేదు. మా ఇద్దరినీ చూసింది, తెరను చూసింది. చేతికున్న ఆకుపచ్చ గాజు ఒకటి తీసి తెరకు ఆనించింది. బాపు ముఖం తన వైపు తిప్పుకుని, పెదవులు చదువుకునేలా నెమ్మదిగా అడిగింది.

"నా గాజు ఎట్ల కనవడుతున్నది?"

"గుండ్రంగనే."

"మరి కండ్లు పోతే గాజు గూడ లావుగ కనవడాలె గద!"

బాపు వంగి గాజునూ చక్రాన్నీ పోల్చి చూశాడు. చక్రం గాజుకు రెండు పక్కలా పొడుచుకొచ్చి ఉంది. ఒక డాక్టరు, నేను, కొత్త అద్దాలు కలిసి తేల్చలేనిదాన్ని అమ్మ ఒక్క గాజుతో తేల్చేసింది. నేను ఆమెను చూసిన చూపు ఆమెకు నచ్చలేదు. "గట్ల గుడ్లప్పగించి చూడకు, జర దాని సంగతి చూడు," అని కసిరింది.

కూర్చుని రెండు వరసలూ కొట్టాను. చక్రం కళ్ళ ముందే నిలువుగా సాగి గుడ్డయింది. బాపు ఉలిక్కిపడి నా చేతుల వంక చూశాడు. అప్పుడు చెప్పాను, కొంత సైగలతో, కొంత కాగితం మీద రాసి. రోజూ ఇలా చేసేదాన్నని. అది రోజూ మరిచిపోతుందని. తప్పు నీ కళ్ళది కాదు, నాదని. తిడతాడనుకున్నాను. ఆయన తెర మీది అంకెల మీద వేలు పెట్టాడు. అడ్డంగా పందొమ్మిది వందల ఇరవై గళ్ళు, నిలువుగా వెయ్యిన్నీ ఎనభై.

"ఇది పడుగు, ఇది పేక. గంతే గద?"

అంతే. ఆ అంకెలేమిటో నేను చదువుకున్నన్నాళ్ళు చదువుకుని నేర్చుకున్నాను, ఆయన ఒక్క చూపుతో చదివేశాడు. "నువ్వు దీనికి రోజూ నోటితోని చెప్తున్నవ్. నోటి మాట మగ్గానికి ఎట్ల యాదుంటది? అట్ట కొట్టాలె," అన్నాడు. జకార్డు మగ్గానికి నక్షాను గుర్తుచేసేవి చిల్లులు కొట్టిన అట్టలే. ఒకదాని తర్వాత ఒకటి దండలా కుట్టి పెడితే మగ్గం వాటిని వరసగా చదువుకుంటూ నేస్తుంది.

సరే, అట్ట కొట్టాను. ఆ రెండు వరసలనూ ఒక చిన్న ఫైల్లో రాసి, కంప్యూటర్ లేవగానే చదివే చోట పెట్టాను. ఆపి మళ్ళీ పెట్టాను. అది లేచేలోగా ఫోన్ చూసుకున్నాను. తలెత్తేసరికి తెర మళ్ళీ లావుగానే ఉంది. విసుగుతో ఏదో అన్నాను, బాపుకు వినపడదు కాబట్టి ధైర్యంగా.

"వచ్చింది బిడ్డా," అన్నాడు బాపు. "సక్కగనే వచ్చింది, రెప్పపాటు. ఎన్కనే ఇంకొకటి వచ్చి చెరిపింది."

నమ్మలేదు. మళ్ళీ ఆపి పెట్టి, ఈసారి రెప్ప వేయకుండా చూశాను. నాకేమీ కనపడలేదు. "అగో, ఇప్పుడు!" అని ఆయన వేలు చూపించాడు. మూడోసారికి గానీ దొరకలేదు నాకు. తెర ఒక్క క్షణం సన్నబడి మళ్ళీ లావైంది. కదిలే మగ్గం మీద తెగిన ఒక్క పోగును పట్టుకోవడానికి ముప్పై ఏళ్ళు అలవాటుపడిన కళ్ళు అవి. ఆ కళ్ళనే నేను చూపించుకో అన్నాను.

"నీ అట్ట ముందుగాల పెట్టినవ్," అన్నాడు. "దాని ఎన్క వచ్చే అట్ట దీన్ని మార్చేస్తున్నది. ఆఖరుకు పెట్టు."

వెతికితే అదే నిజం. నా ఫైలు చదివిన తర్వాత కంప్యూటర్ తెర సంగతి తనంతట తాను మరోసారి చూసుకుంటోంది. నా రెండు వరసలను అన్నిటికంటే చివర చదివేలా మార్చాను. ఆపాను. పెట్టాను. తెర వచ్చింది, నిలిచింది. బాపు తనే లేచి స్విచ్ ఆపి మళ్ళీ వేశాడు. నిలిచింది. కరెంటు వైరు పీకి మళ్ళీ పెట్టాడు. నిలిచింది. అక్షరాలుగా చూస్తే నాలుగు వేళ్ళంత లేని ఫైలు. ఎన్నిసార్లు కరెంటు పోయినా ఇక అది మరిచిపోదు.

ఆ రోజు మేము డుమస్ వెళ్ళలేదు. అమ్మే వద్దంది. బాపు మధ్యాహ్నం దాకా, అన్నం తిని మళ్ళీ చీకటి పడే దాకా కూర్చుని పొద్దుటి చక్రాన్నీ సాయంత్రపు చక్రాన్నీ ఒకటి చేశాడు.

సోమవారం ఆఫీసులో నాకు పని మీద మనసు నిలవలేదు. తొమ్మిది దాటాక అమ్మకు ఫోన్ చేశాను. తెర ఎలా వచ్చింది, చక్రం ఎలా ఉంది అని.

"ఏమో, నాకేం తెల్సు," అంది అమ్మ. "పొద్దుగాల పెట్టిండు. నా గాజు గుంజుకొని తెరకు పెట్టి చూసుకున్నడు. అటెన్క ఆ పుల్లను జేబుల ఏసుకొని సేఠు దగ్గరికి పొయిండు." పుల్ల అంటే పెన్‌డ్రైవ్.

"చెప్పడానికా, చూపించడానికా?"

"చూపెట్టనీకె. పొయ్యేముందు నీకు చెప్పుమన్నడు."

"ఏం చెప్పుమన్నడు?"

"కండ్లున్నయ్ అని చెప్పుమన్నడు. గంతే. నా గాజు గూడ ఎంట తీస్కపొయిండు."