ఊక నుసిలో పరుగు

మా ఆయన మండపేటలో ఫైర్‌మన్. తొంభైల చివర్లో అక్కడ అగ్నిప్రమాదమంటే ఎక్కువగా రైసుమిల్లు ఊకకుప్పలే. పైకి చల్లారినట్టే ఉండి లోపల మూడేసి రోజులు రాజుకుంటూ ఉంటాయి. నీళ్ళు కొట్టి, కుప్ప తవ్వి, మళ్ళీ కొట్టాలి. మూతికి తడి తువ్వాలు తప్ప మరో రక్షణ లేదు. ఆయన ఇంటికి రాగానే గుమ్మంలోనే నోట్లో బెల్లంముక్క పెట్టేదాన్ని. మిల్లు కూలీలంతా చేసే పనే అది. బెల్లం తింటే ఛాతీలో చేరిన దుమ్మంతా దిగిపోతుందని అందరి నమ్మకం. నేనూ అదే నమ్మి ఏళ్ళ తరబడి నిశ్చింతగా ఉన్నాను.

ఆ ఏడాది కొత్తగా వచ్చిన ఆఫీసరుగారు అందరికీ పరుగు పరీక్ష పెడతానన్నారు. తప్పినవాళ్ళు ఇక మంటలార్పే బండి ఎక్కరు, స్టేషన్లో ఫోను దగ్గర కూర్చుంటారు. గంట మోగితే అన్నం ముందునుంచి లేచి పరుగెత్తే మనిషి మా ఆయన. ఆ మాట విన్నప్పటినుంచి సరిగ్గా నిద్ర కూడా పోలేదు.

అప్పటికే డాబా మెట్లెక్కినా ఆయనకి ఆయాసం వస్తోంది. నాకా, కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఎందుకు రాదండీ ఆయాసం? సాయంత్రమైతే బజ్జీల బండి దగ్గరే కాపురం! ఆ పొట్ట చూసుకోండి ఒకసారి!" అని విరుచుకుపడ్డాను. బెల్లం పెడుతున్నాను కనక ఛాతీలో ఏమీ ఉండదు, తప్పంతా పొట్టదేనని నా లెక్క.

మర్నాటినుంచి పొద్దున్నే లేపి కాలవగట్టు రోడ్డు మీదకి తరిమాను. ఇంటికి దగ్గర, చదునైన తారురోడ్డు. ఒకవైపు కాలవ, రెండోవైపు వరసగా మిల్లులు. టిఫినుకి పెట్టే నాలుగు ఇడ్లీల్ని రెండు చేశాను. మూడు వారాలు గడిచినా ఆయాసం తగ్గలేదు సరికదా, ఇంకా ఎక్కువైంది. ఏ టీకొట్టులోనో కూర్చుని వచ్చేస్తున్నారని అనుమానం వచ్చి, ఒకరోజు చెప్పాపెట్టకుండా వెనకాలే వెళ్ళాను.

టీకొట్టు వైపు ఆయన కన్నెత్తి కూడా చూడలేదు. మిల్లుల్లో అప్పుడే ఊకతో బాయిలర్లు రాజేస్తున్నారు. మంచుకి పొగ పైకి పోక రోడ్డు మీదే పరుచుకుంది. ఆయన కాస్త దూరం పరుగెత్తుతారు, కరెంటు స్తంభం పట్టుకుని వంగి దగ్గుతారు, మళ్ళీ పరుగెత్తుతారు. పది నిమిషాలు నడిచానో లేదో నా గొంతు మండిపోయింది. కళ్ళు తుడుచుకుంటే కొంగుకి నల్లటి నుసి అంటింది.

"రోజూ ఇలాగే ఉంటుందా ఏంటండీ?" అన్నాను దగ్గరికెళ్ళి.

"ఉంటుందే."

"మరి చెప్పరేం?"

"చెబితే సాకంటావుగా," అని దగ్గుతూనే నవ్వారు.

నిజమే, అనేదాన్నే.

ఆ రోజే డాక్టరుగారికి చూపించాను. ఛాతీ పరీక్షించి, పొగలో ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారని అడిగారు. బెల్లం సంగతి చెబితే, "అది కడుపులోకి వెళ్తుందమ్మా, ఊపిరితిత్తుల్లోకి కాదు," అన్నారు మెల్లగా. పాడైనది పూర్తిగా బాగవదట, ఇక ముందు పొగ తగలకుండా చూసుకోవాలట. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ మర్నాటినుంచి పరుగు సాయంత్రానికి మార్చాం, ఊరి అవతల చేల మధ్య పుంతదారిలోకి. నేనూ వెళ్ళి గట్టు మీద కూర్చునేదాన్ని. మెల్లమెల్లగా దగ్గు తగ్గింది. ఆగకుండా పరుగెత్తగలిగారు.

పరీక్ష రోజు స్టేషన్ గేటు దగ్గర నిలబడి చూశాను. అందరికంటే చివర వచ్చారు, కానీ టైములోపే వచ్చారు. తోటివాళ్ళు భుజాలు తట్టారు. ఆఫీసరుగారు, "ఇకముందూ బండి మీదే!" అన్నారు. అప్పుడు తట్టింది నాకు, ఇన్నాళ్ళూ దగ్గరుండి నేను ఆయన్ని దేనికి తయారుచేశానో.

ఇంటికొచ్చాక ఉండబట్టలేక అనేశాను. "పరీక్ష తప్పినా బాగుండేదండీ."

ఆయన గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నారు. "నాకూ చివరి చుట్టులో ఆగిపోదామనిపించిందే. ఊపిరి అందలేదు," అన్నారు.

"మరి ఆగలేదేం?"

"నువ్వు గేటు దగ్గర నిలబడి చూస్తున్నావుగా."