బాపు తినిపించిన దానిమ్మ గింజలు

మా చిన్నప్పుడు దుబాయ్‌లో శుక్రవారం వచ్చిందంటే చాలు... గ్రీకు దేవుళ్లు మా ఇంటికి దిగేవారు.

నవ్వకండి, నిజమే. ఎనభైల మొదట్లో సంగతి. సత్వా అనే పేటలో ఒక పాత ఇంట్లో ఒక గది మాది, మిగతా గదులన్నీ బ్యాచిలర్లవి, వంటగది అందరిదీ. మా బాపు, అంటే నాన్న, ఓడలు బాగుచేసే షెడ్డులో ఫిట్టర్. అక్కడి ఫోర్‌మన్‌ది గ్రీసు దేశం. మధ్యాహ్నం అన్నాలప్పుడు వచ్చీరాని హిందీలో వాళ్ల దేవుళ్ల కథలు చెప్పేవాడట. సెలవు రోజున బాపు కడుపునిండా తిని, కిటికీ ఏసీ ముందు చాప మీద వాలి, అవే కథలు మా కోరుట్ల భాషలో నాకు చెప్పేవాడు.

"జియస్ అని ఒకడుంటడు బిడ్డా. అందరికీ పెద్ద కఫీల్. ఆయన సంతకం లేనిది పుల్ల గూడ కదలది."

కఫీల్ అంటే అక్కడ మన వీసాకు పూచీ పడే యజమాని. పాస్‌పోర్టు కూడా ఆయన దగ్గరే ఉంటుంది. అందుకని దేవుళ్ల లెక్క నాకు చప్పున అర్థమైపోయేది. మనుషుల కోసం నిప్పు దొంగిలించినవాణ్ణి కొండకు కట్టేశారని చెబితే, "కఫీల్‌కు చెప్పకుంట చేసిండా?" అని అడిగేదాన్ని. బాపు పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైనది దానిమ్మ పిల్ల కథ. అసలు పేరు పెర్సెఫొనీ... బాపుకు నోరు తిరిగేది కాదు. పూలు కోసుకుంటున్న ఆ పిల్లను పాతాళం రాజు హేడీస్ ఎత్తుకుపోతాడు. వాళ్లమ్మ డిమీటర్ పంటల దేవత. బిడ్డ కోసం ఏడ్చి ఏడ్చి పంటలు పండించడమే మానేస్తుంది. లోకమంతా ఎండిపోతుంది. అప్పుడు జియస్ దిగివచ్చి, పిల్లను పంపించెయ్యమని హేడీస్‌కు చెబుతాడు. కానీ ఆ పిల్ల అప్పటికే అక్కడి దానిమ్మ గింజలు కొన్ని నోట్లో వేసుకుంది... పాతాళంలో తిన్నవాళ్లు మళ్లీ అక్కడికి రావాల్సిందే. అందుకే ఏడాదిలో కొన్నాళ్లు తల్లి దగ్గర, కొన్నాళ్లు పాతాళంలో.

"గింజలు తిన్నవంటే వీసా కొట్టినట్టే," అనేవాడు బాపు.

ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను.

నాకు పదేళ్లప్పుడు, చలికాలంలో బాపుకు నెల్లాళ్ల సెలవు దొరికింది. అందరం ఇండియాకు బయల్దేరాం. అంతకుముందు కొన్నాళ్లుగా నేను గదిలోకి రాగానే అమ్మా బాపూ మాట మార్చేసేవారు. పెట్టె సర్దేటప్పుడు అమ్మ నా బట్టలన్నీ పెట్టింది. బడి పుస్తకాలు, బొమ్మలు కూడా. నెల్లాళ్లకు ఇన్నెందుకు? నాకెందుకో భయం పట్టుకుంది. నాకు ఆ గదే కావాలి... ఆ చాప, ఆ ఏసీ మోత, ఇద్దరి మధ్యా నా చోటు.

ప్రయాణం రోజు పొద్దున్నే, మూల మీది ఇరానీ కొట్టులో దానిమ్మకాయ కొనిపెట్టమని బాపు వెంటపడ్డాను.

"ఇప్పుడెందుకే?" అంది అమ్మ.

"తింటె మల్ల ఈడికే రావాలె గద!" అన్నాను.

వాళ్లిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. బాపు వెళ్లి కాయ తెచ్చాడు. తనే ఒలిచి గింజలు నా దోసిట్లో పోశాడు.

"తిను బిడ్డా. ఇగ దుబాయ్ నిన్ను ఇడువది."

అమ్మ వంటగదిలోకి వెళ్లిపోయింది. నేను ఒక్క గింజ కింద పడకుండా తిన్నాను.

కోరుట్లలో మా పెద్దమ్మ ఇంట్లో దిగాం. సెలవు అయిపోవస్తుండగా ఒక మధ్యాహ్నం, గాజులు కొనిస్తానని పెద్దమ్మ నన్ను బజారుకు తీసుకెళ్లింది. చేతినిండా గాజులతో, అమ్మకు చూపించాలని వీధి మొదటి నుంచే పరుగు తీశాను... ఇంట్లో అమ్మ లేదు. బాపు లేడు. మేం దుబాయ్ నుంచి తాడు కట్టి తెచ్చిన నీలం సూట్‌కేసూ లేదు. నా బట్టలు మాత్రం గూట్లో చక్కగా మడతపెట్టి ఉన్నాయి.

"చెప్తే నువ్వు ఏడ్చి పట్టుకుంటవని చెప్పకుంట పోయిండ్రు బిడ్డా," అంది పెద్దమ్మ. "గా మొగోళ్ల గదుల నడుమ ఆడపిల్లను ఎట్ల పెంచుతరు? నిన్ను ఈడనే బడిల ఏసిండ్రు."

అంటే అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలియదు. వదిలి వెళ్లారని కాదు నా కోపం... వాళ్ల కష్టం వాళ్లది. వదిలేస్తానని తెలిసి తెలిసీ ఆ గింజలు తన చేత్తో ఒలిచి పెట్టాడే, అదీ నా కడుపుమంట. నమ్మించి గొంతు కోయడం అంటే ఏమిటో నాకు పదేళ్లకే తెలిసింది.

అయినా పిచ్చిదాన్ని... గింజలు తిన్నాను కదా, జియస్ ఎలాగైనా పిలిపిస్తాడని చాలా రోజులు వాకిట్లో కూర్చున్నాను.

తర్వాతి సెలవుకు బాపు సంచి నిండా దానిమ్మకాయలు తెచ్చాడు. నేను ముట్టలేదు. కథ చెప్పమని అడగలేదు. ఆయనా చెప్పలేదు.

వాళ్లు దుబాయ్ వదిలేసి వచ్చి చాలా ఏళ్లయింది. మొన్న అమ్మ నా ముందు కూర్చుని దానిమ్మకాయ ఒలుస్తుంటే ఆగలేక అడిగేశాను. "ఆ కథల అమ్మ లోకాన్నే ఎండబెట్టి బిడ్డను తెచ్చుకుంది. నువ్వెందుకు ఊకున్నవమ్మా?"

అమ్మ చెయ్యి ఆగింది. "ఊకున్ననా? ఆ గదిల గోడకు మొకం పెట్టి ఎంత ఏడ్చిన్నో నాకే ఎరుక. నేను ఏడిస్తే ఏది ఎండుతది బిడ్డా? కిటికీలకెళ్లి చూస్తే కొత్త బిల్డింగులు లేస్తనే ఉండె."

పక్కనే బాపు పేపరు చదువుతున్నాడు. తల ఎత్తలేదు. పేజీ కూడా తిప్పలేదు.

ఇప్పుడు ఎవరు ఏ దేశంలో ఉన్నా ఫోన్‌లో ముఖం చూసుకోవచ్చు. చెప్పకుండా మాయమవ్వాలన్నా కుదరదు. మా రోజుల్లో మాత్రం ఒక్క డజను గాజులు చాలు...

మీలో కూడా నాలాంటి గల్ఫ్ పిల్లలు ఉండే ఉంటారు. ఆ రోజు మిమ్మల్ని ఏం కొనిస్తామని బజారుకు తీసుకెళ్లారు?