మంచు కరిగాక తిరిగిన చక్రం

మంథని దగ్గరి ఒక పల్లెలో నీళ్లు పోసి దీపం వెలిగించే బాబా మకాం పెట్టాడని తెలిసి, అతని గుట్టు బయటపెట్టడానికి సారూ నేనూ వెళ్లాం. అవి ఎనభైల తొలినాళ్లు. సారు కాలేజీలో నాకు భౌతికశాస్త్రం చెప్పేవారు. దేవుళ్లతో, మనుషులతో వాదించడం నాకు నేర్పింది ఆయనే. ప్రమిదలో దాచిన, నీళ్లు తగిలితే మండే వాయువు వదిలే కార్బైడు ముక్కలను ఊరందరి ముందు బయటికి తీశాం.

బాబా శిష్యుడు మాత్రం ఊరుకోలేదు.

"నీళ్లల్ల నిప్పు లేదంటిరి. మరి మీ సైన్సుల నీళ్లకెల్లి ఏమొస్తది సారూ, బురదనా?"

జనం నవ్వారు. అడిగిన ప్రశ్నకు జవాబివ్వకుండా వేదిక దిగకూడదన్నది సారు పెట్టిన నియమం. కరెంటు వస్తుందన్నాను. సముద్రంలో పైనీళ్లు ఎండకు వెచ్చగా, లోతు నీళ్లు చల్లగా ఉంటాయి. తేలిగ్గా మరిగే ద్రవాన్ని వెచ్చని నీటితో ఆవిరి చేసి, ఆ ఆవిరితో చక్రం తిప్పి, చల్లని నీటితో మళ్లీ ద్రవంగా మార్చవచ్చు. బొగ్గు అక్కర్లేదు, పొగ ఉండదు. అప్పటికి నేను సముద్రాన్ని చూడనే లేదు. అయినా వచ్చే ఆదివారం చేసి చూపిస్తామని మాట ఇచ్చేశాను.

ఆ సాయంత్రం మగ్గం నేసే ఒకాయన బస్సు దాకా మా వెంట నడిచాడు. ఆయన బిడ్డకు మూర్ఛలు. బాబా ఇచ్చే విభూతి తప్ప మందు ముట్టనివ్వడం లేదు ఇంట్లో. కరీంనగర్ పెద్దాసుపత్రికి నేనే తీసుకుపోతానన్నాను.

"నేను చెప్తె ఇంట్ల ఇంటలేరు సార్. మీ చక్రం తిరిగిందనుకో, మీ మాట నిజమని చెప్త. తెల్లారి బస్సుకు బిడ్డను తీస్కొని మీతోనే వస్తం."

ఆదివారం పెద్దపల్లి నుంచి మంచుగడ్డలను రంపపుపొట్టులో, గోనెసంచుల్లో చుట్టి సారు బయలుదేరారు. దారిలో బస్సు చెడిపోయింది. ఎండాకాలం. ఆయన ఊరు చేరి, బడి అరుగు మీద సామాను సర్దుకునేసరికి నేను ఉపన్యాసం మొదలుపెట్టి చాలాసేపయింది. ఎండలో కాగిన నీళ్లు ఒక గంగాళంలో, చల్లనీళ్లు మరొక దానిలో. రెంటి నడుమ రేకుడబ్బా, దాని మీద చక్రం, తేలిగ్గా మరిగే ఈథరు నింపిన గొట్టాలు. చక్రం తిరిగింది. జనం లేచి నిలబడ్డారు. నేతన్న తన భార్య వైపు చూసి తలూపాడు.

ఎవరైనా వచ్చి ముట్టి చూడవచ్చని ప్రతి సభలోనూ పిలుస్తాం. ఆ రోజూ పిలిచాను. ముందు నేనే రెండు గంగాళాల్లోనూ చేతులు పెట్టాను. రెండూ ఒకే తీరుగా వెచ్చగా ఉన్నాయి. మంచు ఎప్పుడో కరిగిపోయింది. తేడా లేనప్పుడు చక్రం తిరగకూడదు. అది ఆగకుండా తిరుగుతోంది.

మైకుకు చెయ్యి అడ్డం పెట్టి సారుతో అన్నాను. "సార్, నీళ్లు ఒక్కతీరుగున్నయి."

"మాట్లాడుకుంట పో తమ్మీ. మనం చెప్పేది నిజమే గద. గీడ చక్రం ఎట్ల తిరిగితేంది?"

అవతల శిష్యుడు అరుగు ఎక్కుతున్నాడు. అతను పట్టుకుంటాడన్న భయమా, నిజాయితీయా, ఏది నా చేత ఆ పని చేయించిందో ఇప్పటికీ తేల్చుకోలేను. డబ్బా కింద చెయ్యి పెట్టి, తగిలిన తీగను లాగాను. చక్రం ఆగింది. తీగ చివర బ్యాటరీ వేలాడింది. జరిగింది మైకులోనే చెప్పాను. సారు తల వంచుకున్నారు.

"మా స్వామిది కార్బైడు, మీది బ్యాటరీ" అన్నాడు శిష్యుడు. "ఆయన ప్రసాదమన్న పెడ్తడు."

జనం మళ్లీ నవ్వారు. నేతన్న మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి అడిగాడు.

"ఐసు ఉంటె నిజంగ తిరుగుతుండెనా సార్?"

"తిరుగుతుండె అన్నా."

"దవాఖాన మాట సుత గిట్లనేనా?"

కాదన్నాను. కాదని ఎట్లా రుజువు చేయాలో తెలియలేదు. నిజం మా వైపే ఉంది. దాన్ని నమ్మరానిదిగా చేసింది కూడా మేమే.

తెల్లారి బస్సుకు వాళ్లు రాలేదు. సారు ఎక్కారు, నా వైపు చూడకుండా. నేను ఎక్కకుండా నేతన్న ఇంటికి పోయాను. బిడ్డ గడపలో కూర్చుని ఉంది, మెడలో కొత్త తాయెత్తు. తల్లి నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది.

"మా తప్పుకు బిడ్డను ఆపకు అన్నా. ఆ మందులు మేం చేసినయి కావు, డాక్టర్లిస్తరు."

"మీరు చెడ్డోళ్లని నేను అంటలేను సార్. రాత్రి ఇంట్ల అడిగిండ్రు, వాళ్లను ఎట్ల నమ్మినవని. నా దగ్గర మాట లేకపాయె. జర ఆగి చూస్తం."

ఎన్నో ఊళ్లల్లో ఎందరినో ఓడించిన నోరు నాది. ఆ గడప ముందు అది పనికి రాలేదు. ఇంకొక్కసారి ఆలోచించమని బతిమిలాడాను. ఆయన నన్ను కసరలేదు, పొమ్మనలేదు. లోపలికి నడిచి మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. మగ్గం చప్పుడు మొదలైంది.