నైరుతి దిక్కున నేను

నేను చెబితే ఒక్క మాట వినని మా ఆయన ఫోన్ చెబితే మాత్రం చేతులు కట్టుకుని విన్నాడు. కళ్లు పోయాక ఆయనకు దొరికిన రెండో పెళ్లాం అదేనని నేను దెప్పేదాన్ని. ఆయన నవ్వేవాడు.

ఆర్మూర్ నుంచి సాంగ్లీ దాకా పసుపు లారీ నడిపిన మనిషి ఆయన. షుగర్ కళ్ల మీద పడింది. హైదరాబాద్ దవాఖానలో ఎన్ని సూదులు వేయించినా చూపు నిలవలేదు. చివరికి వెలుగుందా లేదా అన్నదొక్కటే మిగిలింది. ఇక రాదమ్మా అని డాక్టర్ నాతోనే చెప్పింది, ఆయన పక్కనే కూర్చుని ఉండగా.

ఆయన పెద్దగా ఏమీ కోరలేదు. పొద్దున్నే లారీల అడ్డాకు పోవాలి, అక్కడి హోటల్లో చాయ్ తాగాలి, డ్రైవర్లు "ఉస్తాద్" అని పిలవాలి. మా ఇంటికి అది కిలోమీటరు కూడా ఉండదు. నేను తీసుకుపోతానంటే మాత్రం మంచం మీద గోడవైపు తిరిగేవాడు.

"పెండ్లాం చెయ్యి వట్టుకొని అడ్డా మీదికి వోతే రేపటి సంది నన్ను ఉస్తాద్ అంటరా?" అనేవాడు.

"అనకపోతే ఏమాయె? చాయ్ అయితే పోస్తరు కదా!" అని నేను కసిరేదాన్ని. అలా ఒక ఎండాకాలమూ ఒక వానాకాలమూ ఆయన మంచం మీదే గడిపాడు.

సెలవుకు వచ్చిన మా కూతురు ఆయన ఫోన్‌లో మ్యాప్ పెట్టింది. వేలు పెడితే తెరమీది అక్షరాలు చదివేలా, దారంతా తెలుగులో చెప్పేలా చేసింది. ఆ మ్యాప్‌లో అడ్డాకు పేరే లేదు. పిల్ల అక్కడికి పోయి, నిలబడి, ఫోన్‌లో ఆ చోటుకు గుర్తు పెట్టి వచ్చింది. పేరు లేని చోటు కాబట్టి ఫోన్ దాన్ని "పద్దెనిమిది పాయింట్ ఏడు..." అంటూ వరసగా అంకెల్లో చదివింది. మా ఆయన మురిసిపోయాడు. "బండి నంబర్ లెక్కనే ఉన్నది గదనే!" అని వచ్చినవాళ్లందరికీ వినిపించాడు.

ఎడమ, కుడి అంటే తికమకపడేవాడు గానీ, బయలుదేరేటప్పుడు ఫోన్ చెప్పే దిక్కు మాత్రం ఆయనకు ఇట్టే పట్టుబడింది. "ఈశాన్యం వైపు వెళ్లండి" అంటే మా ఇంట్లో బోరు ఉన్న మూల. ఆగ్నేయమంటే వంటిల్లు. నైరుతి అంటే బీరువా పెట్టిన మూల. బజార్లో నిలబడి కూడా చెంపమీద పడే ఎండను బట్టి తూర్పు చూసుకుని, "మన బోరు దిక్కు" అని గొణుక్కుంటూ అడుగు వేసేవాడు. ఊరంతా ఆయనకు మా ఇల్లే పెద్దగా కట్టినట్టు అయిపోయింది. మీటర్లే కొరుకుడు పడలేదు. లారీ కిలోమీటర్లలో బతికిన మనిషికి రెండు వందల మీటర్లంటే కాళ్లకు ఎంతో తెలియదు. ముందే మళ్లి ఎవరి గేటుకో తగిలేవాడు.

కొన్నాళ్లు నేను పక్కన నడిచాను. తర్వాత ఒకరోజు, "ఇగ నువ్వు ఇంట్లనే ఉండు" అన్నాడు. మా ఇద్దరి ఫోన్లనూ పిల్ల ఒకదానితో ఒకటి కలిపి పెట్టింది. ఎవరు ఎక్కడున్నారో, ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నారో రెండో ఫోన్‌లో కనిపిస్తుంది, ఆయనకైతే పైకి చదివి చెబుతుంది. నేను ఇంట్లో కూర్చుని ఆయన చుక్కను చూసుకోవాలన్నమాట.

చూశాను. చుక్క పోతూ ఉంది. దాని పక్కన మూత లేని మోరీ ఉందని ఆ ఫోన్ చెప్పదు. వెనక వేల్పూర్ నుంచి పసుపు బస్తాలతో ట్రాక్టర్ వస్తోందనీ చెప్పదు. నా వల్ల కాలేదు. పట్టీలు తీసి పక్కన పెట్టి, గాజులు పైకి నెట్టుకుని, చెప్పులు లేకుండా, చేతిలో ఫోన్‌తోనే వెనకాల పోయాను.

ఆ రోజు నుంచి రోజూ పోయాను. చేతులు ఊపి బండ్లను ఆపేదాన్ని. ఎదురొచ్చేవాళ్లకు నోటిమీద వేలు పెట్టి చూపేదాన్ని. బజారంతా నాతో కలిసిపోయింది. అడ్డా దగ్గర చాయ్ హోటల్ చాచా అయితే దూరం నుంచే సైగ చేసి, తర్వాత గుసగుసగా, "ఫికర్ జెయ్యకు భాభీ, ఇగ నేను జూసుకుంట" అనేవాడు. తిరుగు దారిలోనూ అంతే. చివరి మలుపులో మాత్రం సందులోంచి ఉరికి ఆయనకంటే ముందే ఇంట్లో పడేదాన్ని.

"ఏందే, గట్ల రొప్పుతున్నవ్?"

"బట్టలు ఉతుకుతున్న. నీ లెక్క చాయ్‌లు తాగుకుంట తిరుగుతున్ననా?"

ఆయన మళ్లీ రోజూ గడ్డం గీయించుకోసాగాడు. అన్నం అడిగి వేయించుకునేవాడు. ఒక్కడినే పోయి వచ్చానని కూతురికి ఫోన్‌లో చెబుతుంటే నేను వంటింట్లో నిలబడి విని ఏడ్చేదాన్ని. ఆ రోజులు పోతాయని అప్పుడే నాకు భయంగా ఉండేది.

పసుపు ఆరబెట్టే కాలంలో ఒక పొద్దున ఉన్నట్టుండి మబ్బు పట్టింది. పసుపు మీద కప్పే తాడిపత్రులు పట్టుకుని జనం అటూ ఇటూ ఉరికారు. ఎవరిదో భుజం తగిలి మా ఆయన గిర్రున తిరిగిపోయాడు. చెంపమీద ఎండ లేదు. ఫోన్ ఏదో మళ్లీ దారి వెతుకుతున్నానంది. ఆయన కదలకుండా నిలబడి, తెరమీద వేలితో వెతికాడు. కూతురికి ఫోన్ చేస్తాడేమో అనుకున్నాను.

ఆయన నన్ను వెతుకుతున్నాడు. ఆయన లెక్కలో నేను ఇంట్లో ఉంటాను కదా. నేను ఏ దిక్కున ఉంటే ఇల్లు ఆ దిక్కున ఉన్నట్టే.

"మీ నుంచి పద్దెనిమిది మీటర్ల దూరంలో, నైరుతి దిక్కున" అంది ఫోన్, ఆ బజారంతా వినేలా.

మళ్లీ వేలు పెట్టాడు. అది మళ్లీ అదే చెప్పింది. నేను వెనక్కి జరగాల్సింది. జరగబోతే పైకి నెట్టిన గాజులు జారి గల్లుమన్నాయి. ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఉన్నవా?"

"ఉన్న."

"ఎప్పటి సంది?"

"మొదటి దినం సంది."

ఆయన చెయ్యి చాపాడు. అన్నాళ్లూ వద్దన్న చెయ్యి, అందరి ముందూ తనే చాపాడు. పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

తర్వాత చాచా ఇంటికి వచ్చి, "నీ జాగా ఖాలీగనే ఉన్నది ఉస్తాద్" అన్నాడు. "అందరికి ఎర్కనే కదా?" అని అడిగాడు మా ఆయన. చాచా తల దించుకున్నాడు. కళ్లు లేకపోయినా మా ఆయనకు అది తెలిసింది. ఇప్పుడు ఆయన పోయేది బోరు మూల దాకానే. అక్కడ మొహం కడుక్కుని మళ్లీ మంచం ఎక్కుతాడు. కూతురు ఫోన్ చేస్తే బాగున్నానంటాడు.

నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. మళ్లీ అదే చేస్తాను. కానీ ఆయన ఇక లేస్తాడన్న ఆశ నాకు లేదు. అయినా మొన్న ఎండ బాగుందని బతిమాలాను. "నీ మీద ఒట్టు, నేను రాను. నమ్మకపోతే ఫోన్‌ను అడుగు. నేను ఇంట్లనే ఉన్నట్టు అది చెప్తది" అన్నాను.

ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"ఫోన్ ఇంట్ల వెట్టి నువ్వు నా ఎన్క రావా?"

నా ఫోన్ అప్పటికే బియ్యం డబ్బా మీద పెట్టి, పట్టీలు తీసి దాని పక్కనే ఉంచాను.