అరవై రెండు అంగలు

పోయిన నెల మస్కట్ పక్కన రుసైల్‌లో ఒక కోల్డ్ స్టోరేజీ గోదాములో నేల లెవెల్ చూడడానికి వెళ్లాను. బయట నిప్పులు చెరిగే ఎండ. తలుపుకు వేలాడే రబ్బరు తెరలు తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే తెల్లటి చలి ఆవిరి నేల మీద పాకుతూ వచ్చి మోకాళ్ల దాకా కమ్మేసింది. తడి రాతి మీద మంచు పేరుకుంటే ఒక వాసన వస్తుంది. అది ముక్కుకు తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. వెనక కొలతల స్టాఫ్ కర్ర పట్టుకున్న బెంగాలీ అతను "క్యా హువా సాబ్, చలో" అంటున్నాడు. నేను మాత్రం ఆ తెలుపులోంచి ఎవరైనా తెలుగులో పిలుస్తారేమోనని చెవులు రిక్కించి నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. పిలిచినా పలకొద్దని ఒకప్పుడు నాకు చెప్పిన మనిషి ప్రొద్దుటూరులో కన్నుమూసి అప్పటికి ఇరవై రోజులైంది.

ఆయన పేరు దస్తగిరి. నేను తుని నుంచి సర్వే డిప్లొమా చేతపట్టుకుని మస్కట్ వచ్చినప్పుడు మా కంపెనీలో సర్వేయర్లందరికీ ఆయనే పెద్ద. పొట్టి మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, ఎండకు ఎర్రబడ్డ కళ్లు. దేన్నైనా అంగలతో కొలవడం ఆయనకు ఊపిరి తీసుకోవడం లాంటిది. రూము నుంచి మసీదుకు ఎన్ని అంగలో, మసీదు నుంచి టీ కొట్టుకు ఎన్నో అడగకపోయినా చెప్పేవాడు. మేం కొత్తవాళ్లం వెనకాల నవ్వుకునేవాళ్లం. చేతిలో లక్షలు పోసి కొన్న మిషను ఉండగా ఈ పెద్దాయనకు ఈ చాదస్తం ఏమిటని నేనే అందరికంటే ఎక్కువ నవ్వాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, నా సంగతీ అంతే.

ఆయన దగ్గర ఒకటే చట్టం. పొద్దున గుర్తుకని పాతిన తాత్కాలిక పెగ్గు, అంటే చెక్క మేకు, పొద్దుగూకేలోగా పీకేయాలి. ఒకసారి నేను లెక్క సరిచూసుకోవడానికి ఒక పెగ్గు పాతి, మరిచిపోయి రూముకు వచ్చేశాను. మర్నాడు పొక్లెయిన్ నడిపే అతను అదే అసలు గుర్తనుకుని తవ్వుకుంటూ పోయి, నెల రోజులు కష్టపడి కట్టిన కాలువను చీల్చేశాడు. మేనేజరు అరుస్తుంటే దస్తగిరి భాయ్ "గలతీ మేరా హై సాబ్" అని తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత నన్ను ట్యాంకరు చాటుకు తీసుకెళ్లాడు. గొంతు పెంచలేదు.

"శీనా, నువ్వు పాతిన పెగ్గు నువ్వు పోయినాక గూడా మాట్లాడతా ఉంటాది. అది అబద్ధం చెప్తాంటే అడ్డం పడేదానికి నువ్వు ఆడ ఉండవు" అన్నాడు. "ఇంగోసారి ఇట్ల జరిగితే నా పక్కన నీకు పనుండదు. చెప్తాండా" అన్నాడు. ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. ఆయన పక్కన పని పోవడమంటే నాకు ఉద్యోగం పోవడం కంటే ఎక్కువ.

ఇది జరిగిన రెండు నెలలకు, ఆరేళ్ల కిందటి చలికాలంలో, ఒమాన్‌లో అన్నిటికంటే ఎత్తైన జెబెల్ షమ్స్ కొండ మీద మంచు పడింది. ఎడారి దేశంలో మంచంటే మాటలా, అందరి ఫోన్లలో అదే వీడియో. శుక్రవారం సెలవు రోజున కలిసే మా గుంపులో తిరుపతి అని కరీంనగర్ కుర్రాడు ఉండేవాడు, ఖురంలో ఒక హోటల్లో ఏసీ మెకానిక్. కాళ్లకు పట్టీలతో కట్టుకుని జారే బోర్డు ఎవరో టూరిస్టు వదిలేసిపోతే, దాని మీద ఇసుక దిబ్బల్లో జారడం వాడికి పిచ్చి. "అన్నా, మంచు మీద జారిన మొదటి కరీంనగరోన్ని నేనే కావాలె. నువ్వు వీడియో తియ్యి" అని నా వెంట పడ్డాడు. మేముండే వాదీ కబీర్ పేటలో మా పై అంతస్తులో ఉండే లెక్కల టీచరు సుజాత గారు, విజయవాడ ఆవిడ, నేనూ వస్తానన్నారు. దస్తగిరి భాయ్‌ని పిలిస్తే విసుక్కున్నాడు.

"మీరు ఎట్లాగైనా పోతారు. రేపు మిమ్మల్ని ఎతికేదానికి నేనే పోవాల. దానికంటే ముందే వస్తా పదండి" అన్నాడు.

తెల్లవారుజామున ఆయన పాత ఫోర్‌వీల్‌లో బయలుదేరి, పొద్దు పొడిచే వేళకు కొండ ఎక్కడం మొదలుపెట్టాం. దారి పొడవునా బండల మీద రంగు గీతలు వేసి ఉంటాయి. వాటిని పట్టుకుని వెళ్తే దారి తప్పే పని లేదు. అయితే పై భాగానికి వచ్చేసరికి మడమ లోతు మంచు పరుచుకుని గీతలన్నీ కప్పేసింది. పైకి కనబడేవి పాతకాలం నుంచీ బాటసారులు పేర్చిన రాళ్ల దొంతరలే. అక్కడి నిశ్శబ్దం గురించి చెప్పాలి. పిట్ట లేదు, మేక లేదు, గాలి కూడా లేదు. మాట్లాడితే మాట నోటి దగ్గరే పడిపోయినట్టుండేది. దస్తగిరి భాయ్ పెదవులు మాత్రం అంగలు లెక్కపెడుతూ కదులుతున్నాయి. ఒక చోట దారి లోయ అంచును వదిలి కుడికి తిరుగుతుంది, దిగేటప్పుడు అక్కడ ఎడమకు తిరగాలి. బోర్డు మోసుకొస్తున్న తిరుపతి వెనకబడ్డాడు, వాడి కోసం ఆగాం. మిగతా ఇద్దరూ కూర్చుని టీ తాగుతుంటే నేను ఫొటోల కోసం లోయ వైపు నడిచాను. వెనక అంత పెద్ద అగాధం ఉంది, ముందు రాళ్లు పేరిస్తే బొమ్మ బాగుంటుందని మూడు దొంతరలు పేర్చాను. చివరిది అంచుకు నాలుగు అంగల దూరంలో. మొదటి దాని పైన గవ్వ అచ్చు పడిన రాయి ఒకటి పెట్టాను. అంత ఎత్తున సముద్రపు గవ్వ ఏమిటా అని ముచ్చటేసింది. ఫొటోలు తీసుకుని, వాటిని అలాగే వదిలేసి వచ్చాను. పీకేయాలని తట్టనే లేదు.

శిఖరం మీద గంటసేపు కూర్చున్నాం. దిగేటప్పుడు తిరుపతి బోర్డెక్కాడు. నాలుగు బారలు జారితే ఒక బార దేకాలి, అయినా వాడి సంబరానికి అంతు లేదు, మేమూ కడుపు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వు పూర్తి కాకముందే లోయలోంచి మబ్బు పైకి లేచింది. దానితో పాటే సన్నగా మంచు రాలి పొద్దున మా అడుగుల జాడలన్నీ పూడ్చేసింది. నాలుగు అంగల అవతల ఏమీ కనబడదు. ఫోన్లు చలికి చచ్చి ఊరుకున్నాయి. దస్తగిరి భాయ్ మమ్మల్ని ఒక దొంతర దగ్గర నిలబెట్టాడు.

"వెనక గుర్తు వదలకుండా ముందు గుర్తు దొరకాల. ఒకడు పోయి ఎతకాల, మిగిలినోళ్లు కదలగూడదు. దొరికితే కేకెయ్యాల, అప్పుడు కదులుదాం" అన్నాడు.

మంచు కింద రాళ్ల సందుల్లో కాళ్లు దిగబడుతున్నాయి, బోర్డయితే పైపైన పోతుందని తిరుపతే ముందుకు వెళ్లాడు. మబ్బులోంచి "దొర్కిందే" అని వాడి కేక వినబడింది. క్షణం తర్వాత లోయలోంచి అదే కేక తిరిగొచ్చింది, ఇంకెవరో అక్కడ ఉండి అన్నట్టు. అలా రెండు దొంతరలు దాటాం. మూడో దాని దగ్గర నేను పైరాయి మీద మంచు తుడిచాను. గవ్వ అచ్చు కనబడింది.

ఎడమకు తిరగాల్సిన చోటు దాటి వచ్చేశాం. ముందున్నవి నేను పేర్చిన మిగతా రెండు దొంతరలే, ఆ తర్వాత ఏమీ లేదు. చెప్పాలి. నోరు తెరిచాను కూడా. "నా పక్కన నీకు పనుండదు" అన్న మాట గుర్తొచ్చి మూసుకున్నాను. దారి ఎక్కడో కలుస్తుందిలే అనుకున్నాను. అలా అనుకుంటూనే ఆ రాయిని తిరగేసి, గవ్వ కిందికి ఉండేలా పెట్టాను. ఇంతలో తిరుపతి "దొర్కిందే" అన్నాడు. అందరితో పాటు నేనూ నడిచాను. నేను పేర్చిన వాటిలో రెండో దాని దగ్గరికి చేరాం. వాడు మళ్లీ జారుకుంటూ వెళ్లాడు. మళ్లీ కేక వచ్చింది. సుజాత గారు అడుగు ముందుకు వేశారు. అప్పుడు అరిచాను.

"తిరుపతీ, ఆగు. అవి నేను పెట్టినవి. అక్కడ దారి లేదు, అంచు."

లోయ ఒక్కటే "అంచు" అంది. దస్తగిరి భాయ్ నా వైపు చూడలేదు. చేతులు నోటి దగ్గర పెట్టుకుని నింపాదిగా పిలిచాడు. "నాయనా, యాడుండావో ఆడనే కూర్చో. లేయద్దు. బోర్డు ఇప్పేయి. మంచు మీద నీ బోర్డు గీసిన గీత ఉంటాది సూడు. దాన్ని చేత్తో తడుముకుంటా పాక్కోని రా." చాలాసేపటికి మబ్బులోంచి ఒక గీరుడు శబ్దం వచ్చింది. కాలి పట్టీ ఊడదీయగానే బోర్డు జారి వెళ్లిపోయిందని ఆ చప్పుడే చెప్పింది. అది కింద పడిన చప్పుడు కోసం మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఎంతసేపు విన్నా చప్పుడు రాలేదు.

తిరుపతి చేతులూ మోకాళ్ల మీద పాకుతూ వచ్చి మా మధ్య కూలబడ్డాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. సుజాత గారు తన శాలువా వాడికి చుట్టారు. నలుగురం ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని కూర్చున్నాం. అప్పుడు ఆ అంచు వైపు నుంచి "దొర్కిందే" అని కేక వచ్చింది. తిరుపతి గొంతే. వాడు నా పక్కన ఉన్నాడు, వాడి నోరు మూసి ఉంది.

"అది నేను గాదన్నా" అన్నాడు వాడు, చిన్నపిల్లాడిలా.

"ఎవరూ పలకొద్దు" అన్నాడు దస్తగిరి భాయ్. ఇంకొకసారి వచ్చింది, ఈసారి కాస్త దగ్గర నుంచి. ఆయన పెదవులు కదిలాయి, అంగలు కాదు, ప్రార్థన. లోయలో తిరిగి తిరిగి ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని అని సుజాత గారు ఇప్పటికీ అంటారు. కావచ్చు. నేను వాదించను. మబ్బు పలచబడ్డాక నా మొదటి రెండు దొంతరలు పడదోసి, వెనక్కి నడిచి ఎడమ దారి పట్టుకున్నాం. అంచున ఉన్నదాని జోలికి ఎవరమూ పోలేదు.

మరుసటి శుక్రవారం ఆయన నన్నొక్కణ్నే తీసుకుని మళ్లీ కొండెక్కాడు. ఆ మిగిలిన ఒక్క దొంతర కోసం పది గంటల నడక. మంచు కరిగిపోయింది. నా మూడో దొంతర అలాగే ఉంది. దానికీ అంచుకూ మధ్య, రెండు అంగల దూరంలో, నాలుగోది ఒకటి ఉంది. కొత్తగా పేర్చినది.

"ఇది నీదా?"

"కాదు భాయ్. ఒట్టు."

"ఎవురిదైనా కానీ. నీవి చూసే పెట్టింటారు" అని, బోర్లా పడుకుని చేయి చాపి తానే దాన్ని పడదోశాడు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. తిరిగి వస్తూ నా మొదటి దొంతర కూలిన చోట ఆగాడు.

"ఈడి నుంచి రెండోదానికి అంగలెయ్యి" అన్నాడు. వేసి, అరవై రెండు అన్నాను.

"అంత దూరం నువ్వు నోరు మూసుకోని నడిచినావు. ఆ రాయి తిప్పి పెట్టింది నేను చూసినా శీనా. చలికి చేతులాడిస్తాండావనుకుంటి. రూముకు పోయి పండుకున్నాక తెలిసొచ్చె."

అక్కడే కూర్చుని ఏడ్చాను. నాకు ఇక ఆయన పక్కన చోటు లేదని ఏడ్చాను, తిరుపతి కోసం కాదు. ఆ సంగతి కూడా ఆయనకు తెలిసే ఉంటుంది. నీళ్ల సీసా నా చేతిలో పెట్టి, "నీకు చెప్పేదానికి భయమయ్యేటట్టు చేసినోన్ని నేనే. తప్పులో నా పాలు నాకుండాది. నీ పాలు నువ్వు మొయ్యి. పిల్లోనికి నువ్వే చెప్పాల, నేను చెప్పను" అన్నాడు. మర్నాడు యథాప్రకారం నన్ను సైటుకు పిలిచాడు. ఆ తర్వాత నాలుగేళ్లు ఆయన పక్కనే పనిచేశాను. తప్పు జరిగితే దాన్ని ముందు నోటితో చెప్పి, తర్వాత సరిదిద్దడం అక్కడే నేర్చుకున్నాను. ఒక్క తిరుపతి దగ్గర తప్ప. వాడేమో కొత్తవాళ్లు ఎవరొచ్చినా నన్ను చూపించి, "ఈ అన్న మొత్తుకోకపోతే నేను లేను" అని చెప్పేవాడు. నేను తల దించుకుంటే వినయం అనుకునేవాళ్లు. వీసా రద్దు చేసుకుని ఎగ్జిట్ మీద ఊరికి వెళ్లిపోయే రోజు ఎయిర్‌పోర్టులో దస్తగిరి భాయ్ నా చెయ్యి పట్టుకుని "చెప్పినావా?" అని మాత్రం అడిగాడు. లేదన్నాను. తలాడించి లోపలికి వెళ్లిపోయాడు.

ఆయన పోయాడన్న కబురు తర్వాత నన్ను అలా అడిగేవాళ్లు లేకుండా పోయారు. అదే ఎక్కువ బాధించింది. గోదాములో ఆ చలి తగిలిన వారమే, శుక్రవారం నాడు, తిరుపతిని ఖురం బీచ్‌కు రమ్మన్నాను. సాయంత్రం, పిల్లలు బంతి ఆడుతున్నారు. గవ్వ రాయి సంగతి, తిప్పి పెట్టిన సంగతి, అంతా చెప్పాను. వాడు ఇసుక వైపే చూస్తూ విన్నాడు.

"ఎంత దూరం ఊకున్నవన్నా?" అన్నాడు చివరికి.

"అరవై రెండు అంగలు."

వాడు లేచాడు. నాకు వీపు పెట్టి, ఒక్కో అంగా లెక్కపెట్టుకుంటూ నీళ్ల వెంబడి నడిచాడు. ఆగి వెనక్కి తిరిగాడు. అంత దూరం నుంచి వాడి ముఖం నాకు కనబడలేదు.

"ఈడిదాకనా అన్నా?" అని కేకేశాడు.

"అక్కడి దాకానే" అన్నాను. వాడు అక్కడే నిలబడ్డాడు. వాడు ఎటు కదులుతాడో తేలేదాకా నేను కూర్చున్న చోటు నుంచి లేవలేదు.